జాడీలో తాతయ్య

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో ఆరు నెలలు గ్లాసులు తుడిచి వచ్చాక, ఏ కూరతో ఏ వైను తాగాలో చెప్పగల మొనగాణ్ణి ఉభయ గోదావరి జిల్లాల్లో నేనొక్కణ్ణే అని గట్టిగా నమ్మేవాణ్ణి. (అడిగినవాళ్లు ఎవరూ లేరనుకోండి, అది వేరే సంగతి.) రాజమండ్రి దగ్గర గోదావరి ఒడ్డున కొత్తగా పెట్టిన రిసార్టులో ట్రెయినీగా చేరాను. అక్కడి మేనేజరు గారికి మన వంటలతో వైన్ డిన్నర్లు మొదలుపెట్టాలని కోరిక. "ముందు మీ ఇంట్లో ఒక ఆదివారం పెట్టి చూపించు. కుదిరితే ఉద్యోగం పర్మనెంటు, లేకపోతే వేరేవాళ్లని చూసుకుంటాను" అన్నారు. నాన్న లేని ఇల్లు మాది. అమ్మ టీచరు జీతం ఒక్కటే ఆధారం. ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి.

మా ఇంట్లో వైను సంగతి నిజంగా తెలిసింది తాతయ్యకి. మా లూథరన్ చర్చిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెతో పాటు పంచే ద్రాక్షారసం ఏళ్ల తరబడి ఆయనే పెట్టి ఇచ్చేవారు. ఆ వేసవిలో కూడా చిన్న ఆవకాయ జాడీలో ద్రాక్షపళ్లు పిసికి, పంచదార కలిపి, గుడ్డతో వాసెన కట్టి వెనకగదిలో పెట్టారు. వానాకాలంలో పోయారు. సమాధి చేసి ఇంటికొచ్చిన సాయంత్రం ఆ గదిలోంచి ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు గుడగుడమని చప్పుడు. అమ్మమ్మ తలుపు తీసి, "వస్తున్నానండీ" అంటూ లోపలికి వెళ్లింది. అప్పట్నించీ ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఆయన పళ్లెంలో వడ్డించి జాడీ ముందు పెట్టేది. వాసెన సడలించి గుప్పెడు పంచదార కూడా వేసేది. ("ఆయనకి తీపి లేందే ముద్ద దిగదు.") కాసేపటికి జాడీ గుడగుడలాడేది. పంచదార పడితే పులియడం జోరందుకుంటుందని నాకు తెలుసు. కానీ చేపల పులుసు పెట్టిన వారం జాడీ ఎక్కువ మాట్లాడేది, కోడికూర వారం ముభావంగా ఉండేది. అది ఎందుకో ఏ పుస్తకంలోనూ లేదు. ఆ గది ముందునుంచి వెళ్లేటప్పుడు ఫోను చూసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. (పాస్టరు గారికి మాత్రం ఎవరమూ చెప్పలేదు.)

అనుకున్న ఆదివారం మేనేజరు గారు వచ్చారు. రొయ్యల వేపుడు దాకా బండి నడిచింది. చేపల పులుసు దగ్గర నేను గొప్పగా తెల్ల వైను పోశాను. ఆయన ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఏంటయ్యా ఇది, ఇనుము నాకినట్టుంది." ఎర్రది పోశాను. అది ఇంకా ఘోరం. ఆయన వాచీ చూసుకున్నారు. నేను వెనకగదికి పరుగెత్తి అమ్మమ్మ కాళ్ల దగ్గర కూలబడ్డాను.

అమ్మమ్మ జాడీ వైపు తిరిగింది. "ఏవండీ, పిల్లాడి ఉద్యోగమంట. ఒక్క గ్లాసు ఇవ్వనా?" అంతవరకూ గుడగుడలాడుతున్న జాడీ ఠక్కున ఆగిపోయింది. పట్టపగలే నా చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. ఒక్క నిమిషం తర్వాత లోపల ఒకే ఒక్కసారి బుడుక్కుమంది.

"సరేనంటున్నారు. ఒక్కటే గ్లాసు నాయనా" అంది అమ్మమ్మ.

పులుసుతో ఆ గుక్క దిగాక మేనేజరు గారు కళ్లు మూసుకున్నారు. "ఎవరు చేశారండీ ఇది?" అనడిగారు.

"మా ఆయనండి" అంది అమ్మమ్మ.

"ఒకసారి కలుస్తానండి."

"రండి, లోపల భోంచేస్తున్నారు."

నేను నోరు తెరిచేలోపే ఆయన వెనకగదిలోకి వెళ్లిపోయారు. మసక గది, ఖాళీ కుర్చీ, దాని మీద కండువా, ముందు ఆవిరి చిమ్ముతున్న పళ్లెం, పక్కన జాడీ. జాడీ దీర్ఘంగా నిట్టూర్చింది. మేనేజరు గారు "నమస్కారమండి" అని, వెనక్కి తిరక్కుండానే అడుగులో అడుగు వేసుకుంటూ బయటికొచ్చారు. "ఇంకో గ్లాసు పొయ్యి" అన్నారు. పోశాను. ఆ తర్వాత ఇంకోటి. "రేపొచ్చి పర్మనెంటు ఆర్డరు తీసుకో" అని ఆయన వెళ్లిపోయాక, సంతోషం పట్టలేక జాడీ వంచి అడుగున ఉన్న మడ్డితో సహా నేనే తాగేశాను. ఒక్క గ్లాసు అన్న మాట ఆ క్షణంలో నాకు గుర్తే లేదు.

తరవాతి ఆదివారం అమ్మమ్మ పళ్లెం పెట్టింది. వాసెన సడలించింది. తొంగి చూసింది. ఖాళీ జాడీలోనే పంచదార వేసి, మధ్యాహ్నం దాకా అలా కూర్చుంది. నాకు ఆర్డరు వచ్చింది, ఆవిడకి మనిషి పోయాడు. తిడితే బాగుండునని గుమ్మంలో నిలబడి ఏడ్చాను. చివరికి ఆవిడే లేచి, ఆ పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, "తిను" అంది.

కూర్చుని తిన్నాను. నాలుగో ముద్దకి నా కడుపులో గుడగుడమంది.

అమ్మమ్మ చటుక్కున తలెత్తింది. "ఏంటండీ, పులుపెక్కువైందా?"

"లేదే, బాగా కుదిరింది" అంది నా నోరు.

అమ్మమ్మని తాతయ్యలా 'లేదే' అని నేను ఏనాడూ అని ఎరగను. ఆవిడ మాత్రం, తాతయ్య పోయాక మొట్టమొదటిసారి, పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇప్పుడు నేనే ఊరూరా వైన్ డిన్నర్లు పెడుతున్నాను. అన్నీ తెలుసనుకున్న ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుంటే జాలీ, నవ్వూ కలిసి వస్తాయి. ఆవిడ మనసు కోసం ఆ మాట కావాలనే అన్నావు కదూ అని అమ్మ ఇప్పటికీ నన్ను మెచ్చుకుంటుంది. అవునంటాను.