సింకు కిందికి పోయిన మచ్చ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మే నెలలో, మార్టూరు దగ్గర నేను పనిచేసే గ్రానైట్ యూనిట్లో నన్ను పాలిష్ లైను నుంచి చెకింగుకు మార్చారు. చెకర్ అంటే పాలిషైన స్లాబును వెలుతురుకు ఏటవాలుగా నిలబెట్టి, వంగి, పక్కకు జరిగి, మళ్లీ వంగి తప్పులు వెతికేవాడు. మా ఆవిడ ఈ పని పెళ్లయిన నాటి నుంచి జీతం లేకుండా చేస్తోంది. హోదాలో చెకర్ కటింగ్ మేస్త్రికి పైన, మేనేజరుకు కింద. ఏడో తరగతిలో బడికి దండం పెట్టినవాడికి అంతకన్నా ఎత్తు మంచిది కాదు, పడితే దెబ్బ గట్టిగా తగులుతుంది.

చెకింగులో మొదట నేర్చుకోవలసింది మచ్చలు. నల్లరాయిలో అక్కడక్కడ అరచేయంత బూడిదరంగు ముక్క కనబడుతుంది. మేం మచ్చ అంటాం. క్వారీకి వచ్చిన జియాలజిస్టు ఒకాయన దాన్ని ఇన్‌క్లూజన్ అన్నాడు. భూమి లోపల రాయి ఇంకా పాకంలా ఉన్నప్పుడు వేరే రాతి ముక్క అందులో పడి, దాంతోపాటే గట్టిపడిందట. అప్పటిదాకా నాకు ఆ మాట చుట్టం ఒక్కటే పరిచయం, ఇన్‌క్లూజివ్. అది బేరాల్లో తిరిగే మాట. ప్యాకింగ్ ఇన్‌క్లూజివ్, లోడింగ్ ఇన్‌క్లూజివ్. కొనేవాడు అంటే ఇంకేమీ ఇవ్వనని, అమ్మేవాడు అంటే ధరలో ఇప్పటికే వేసేశానని. వాడరేవులో ఒక లాడ్జి వాళ్లు టిఫిను ఇన్‌క్లూజివ్ అని బోర్డు పెడితే మా బావమరిది నాలుగు ప్లేట్ల ఇడ్లీ తిన్నాడు. మర్నాడు ఆ బోర్డు లేదు.

ఆ నెలలోనే మంగళగిరి నుంచి జరీనా మేడమ్ వచ్చారు. ఆవిడ నడిపే చిన్న బడిలో చూపు లేని పిల్లలు, వినబడని పిల్లలు, మిగతా పిల్లలు ఒకే గదిలో, ఒకే బెంచీల మీద చదువుకుంటారు. దాన్ని ఇన్‌క్లూజివ్ బడి అంటారని చెబితే, "యూనిఫాం కూడా కలిపేనాండీ?" అని అడిగాను. "యూనిఫాం మీరే కుట్టించుకోవాలి. కలిపేది పిల్లల్ని" అన్నారు. ఆవిడ మీద గౌరవం కలిగింది. నా మాటకు మాట అప్పజెప్పేవాళ్లు తక్కువ.

పిల్లలు చేతులు కడుక్కునే గట్టు మీదికి రాయి కావాలి. ఆవిడ యార్డంతా తిరిగి, నేను పక్కన పెట్టించిన మచ్చ స్లాబు దగ్గర ఆగి, చేత్తో నిమిరి, అదే కావాలన్నారు. రాయిలో రాయి ఎలా కలిసిపోయిందో పిల్లలకు దాన్ని చూపించే చెబుతానన్నారు. మేనేజరు రాసిన చీటీలో మాత్రం పొడవు, వెడల్పు, సింకు కంత ఒకటి అని ఉంది. మచ్చ ఉంచమని రాయడం ఆ యూనిట్లో ఎవరూ ఎరగరు.

చీటీ సైదులు చేతికి వెళ్లింది. కటింగులో మా అందరికన్నా చెయ్యి తిరిగినవాడు, ఆ నెలాఖరుకు హెడ్ మేస్త్రి కావలసినవాడు. మచ్చ స్లాబు వస్తే కొలతలు అటూ ఇటూ జరిపి మచ్చను సింకు కంతలోకి తోసేయడం మా దగ్గర కటింగ్ వాళ్ల గొప్ప. కోసిన గుండ్రటి ముక్కతో మచ్చ పోతుంది, మిగిలింది ఫస్టు రకం. సైదులు మచ్చ అంచు వెంట్రుకవాసి కూడా బయట కనబడకుండా కోశాడు. స్లాబు నల్లటి అద్దంలా ఉంది. మేనేజరు వాడి భుజం తట్టాడు.

గురువారం లోడు చూసుకోడానికి వచ్చిన మేడమ్, "నా రాయి ఏది?" అన్నారు.

"ఇదేనండీ. మచ్చనేదే లేకుండా చేశాను" అన్నాడు సైదులు, మెచ్చుకోలు కోసం చూస్తూ.

ఆవిడ అక్కడే ఒక రాతి బ్లాకు మీద కూర్చుండిపోయారు.

"కంత అక్కడ పెట్టమని ఎవరు చెప్పార్రా నీకు?" అని మేనేజరు లేచాడు.

"ఇంకెక్కడ పెడతారండీ?" అన్నాడు సైదులు. వాడికి నిజంగానే తెలియలేదు.

శనివారం లోపు ఆవిడ అడిగిన రాయి అడిగినట్టు లోడు కాకపోతే హెడ్ మేస్త్రి సంగతి మర్చిపొమ్మన్నాడు మేనేజరు. చీటీ రాసింది తమరే కదా అని నేను గుర్తుచేశాను. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

సైదులు పరుగెత్తి కోసిన ముక్క తెచ్చాడు. మచ్చ సరిగ్గా నడిమధ్యన ఉంది. గోడకు అతికించుకోవచ్చన్నాడు.

"మా పిల్లల్లో కొందర్ని ఇదివరకటి బళ్లలో ఇలాగే ఉంచారు సైదులూ. బాగానే చూసుకున్నారు, వేరే గదిలో" అన్నారు మేడమ్.

వాడు ముక్క కింద పెట్టి తల పట్టుకున్నాడు.

ఒక బ్లాకు నుంచి స్లాబులు రొట్టె ముక్కల్లా వరసగా వస్తాయి. ఒకదానిలో మచ్చ ఉంటే పక్కదానిలోనూ ఉండి తీరాలి. ఆ పక్కది ఎటు పోయిందని అడిగాను. తీసేసిన స్లాబులు మా దగ్గర పనివాళ్ల ఇళ్లకు గడపలుగా, బట్టలుతికే బండలుగా పోతాయి. సైదులు ఒక్క క్షణం ఆలోచించి గేటు వైపు చూశాడు. అది గేటు బయట కోటమ్మ టీ బల్ల అయి కూర్చుంది.

అందరం వెళ్లి గ్లాసులు పక్కకు జరిపి గుడ్డతో తుడిచాం. టీ మరకల కింద మచ్చ బయటపడింది. మేడమ్ ముఖం విచ్చుకుంది. కోటమ్మది ముడుచుకుంది.

"ఏరా సైదులూ, పనికిరాని రాయని మీరే నాకు అంటగట్టి, ఇప్పుడు పీక్కుపోతారా?"

"నా మేస్త్రి పని పోద్దక్కా."

"నీ మేస్త్రి పనికి నా బల్లే దొరికిందా?"

మచ్చలేని స్లాబు బదులుగా ఇస్తామని నేను మధ్యలో దూరాను.

"బొక్క పెట్టిందేగా? నాకంతా తెలుసులే."

"ఆ బొక్కలో నీ గ్లాసుల తొట్టి దిగుద్ది కోటమ్మా. ఇక వంగి కడిగే పని లేదు."

కోటమ్మ మాట నమ్మే మనిషి కాదు. తొట్టి చంకన పెట్టుకుని యార్డులోకి వచ్చి, కంతలో తనే దించి చూసుకుంది. అంచు దాకా దిగి నిలిచింది. రెండుసార్లు ఊపి చూసింది, కదల్లేదు. నవ్వు రానివ్వకుండా ఒక షరతు పెట్టింది. బడి తెరిచేరోజు టీ తనదే, ఇంకెవరి చేతనైనా పెట్టిస్తే రాయి ఎత్తుకొచ్చేస్తుంది. పిల్లలకు పాలు కూడా మీరే కాయాలన్నారు మేడమ్. "చూశావా, పాలు ఇన్‌క్లూజివ్" అన్నాను. నోరు మూసుకుని ఆ చివర పట్టుకోమంది కోటమ్మ.

బల్ల మీది స్లాబును మళ్లీ పాలిష్‌కు ఎక్కించాం. సైదులు కటింగ్ బల్ల మీద పెట్టి, సుద్ద చేతికి తీసుకుని, గీత గీయబోతూ ఆగాడు. "కంత ఎక్కడ పెట్టమంటారు మేడమ్?" అన్నాడు. నేను చూసినంతలో వాడు కొనేవాళ్లను ఆ మాట అడగడం అదే మొదలు. శనివారం పొద్దున లోడు కదిలింది. నెలాఖరుకు వాడు హెడ్ మేస్త్రి అయ్యాడు.

బడి తెరిచినరోజు మేమూ వెళ్లాం. కోటమ్మ పాలలో యాలకులు దంచి వేసింది. పిల్లలకు మేడమ్ మచ్చ కథ చెప్పారు. ఆ తర్వాత అందరూ మచ్చ ఉన్న చోటే చేతులు కడుక్కుంటామని తోసుకున్నారు. బయటి కుళాయి దగ్గర ఒక్కడూ లేడు. మేడమ్ వంతులు వెయ్యవలసి వచ్చింది.

ఈ పనిలో నేను నేర్చుకున్నది చిన్నదే. రాయిలో మచ్చ ఎక్కడుందో చెకర్ చెప్పగలడు. అది ఉండాలో పోవాలో కొనేవాళ్లు చెప్పాలి. నేను రిటైరయ్యేదాకా మా యూనిట్లో సుద్ద గీత పడేముందు ఆ మాట అడిగాం. చాలామంది తీసేయమనే అన్నారు. అన్నాకే తీశాం.