ఆమె నోట నా పేరు

పోయిన కార్తీక సోమవారం నాడు నేనూ, నా భార్యా నంద్యాలలో మహానంది బస్సెక్కాం. కండక్టరు మా సీటు దగ్గరికి రాగానే ఆమె గొంతు తగ్గించకుండా, తడుముకోకుండా, “మహానందికి రెండియ్యప్పా” అంది. బస్సులో ఎవరూ తల తిప్పి చూడలేదు. చూడ్డానికి అందులో ఏముంది గనక, సగం మంది అదే మాట అని టికెట్లు తీసుకుంటున్నారు. ఆ మాట విని తల దించుకుని కిటికీ వైపు తిరిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకో ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్తే పరువు పోతుందనుకున్నాను గానీ, పోవలసిన పరువు ఒక సముద్రపు ఒడ్డున ఎప్పుడో పోయింది కాబట్టి ఇప్పుడు చెప్పేస్తున్నాను.

నా పేరు మహానందయ్య. నాకు ముందు మగపిల్లలు నిలవకపోతే మా అమ్మ ఆ స్వామికి మొక్కుకుందట, అందుకని ఆ పేరు. మొగుడి పేరు భార్య నోట రాకూడదన్న పట్టింపు మా ఇళ్ళల్లో ఎంత గట్టిగా ఉండేదో నా వయసువాళ్ళకు చెప్పనక్కర్లేదు. పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టే రోజు మా అక్క గడపకు అడ్డంగా నిలబడి, మొగుడి పేరు చెప్తేనే లోపలికి రానిస్తానంది. కొత్త పెళ్ళికూతురు కాలి బొటనవేలు చూసుకుంటూ చాలాసేపు నిలబడి, చివరికి “తేట నీళ్ళ గుడి సామి పేరు” అని గొణిగింది. మహానంది కోనేటి తేట నీళ్ళు ఎరగనివాళ్ళెవరు, అందరూ నవ్వారు. మా అక్క మాత్రం పూర్తి పేరు కావాలని పట్టుబట్టింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగేసరికి మా అమ్మే అక్కను కసిరి, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు నేను ఆమెకు “ఇదో”నే. పెరట్లోంచి పిలిచినా ఇదో, సంతలో పిలిచినా ఇదో. ఎంతమంది ఆడవాళ్ళు ఎన్ని ఇదోలు పిలుస్తున్నా నా ఇదో ఏదో నాకు తెలిసిపోయేది.

మనిషి పేరుతో పాటు గుడి పేరు కూడా నిషిద్ధమే కదా. ఒకసారి నంద్యాల బస్టాండులో ఆమె ఎవర్నో “కోనేటి గుడికి పొయ్యే బస్సు యాడుండాది” అని అడిగింది, యాగంటి గుళ్ళోనూ కోనేరుంది కాబట్టి వాళ్ళు ఆ బస్సు చూపించారు, నేను ఎక్కగానే కునుకు తీశాను. కళ్ళు తెరిచేసరికి బనగానపల్లె వచ్చింది. పైకి చిరాకు పడ్డాను గానీ, ఈ సంగతి నందికొట్కూరులో నా విత్తనాల అంగడికి వచ్చిన ప్రతి రైతుకూ నెల రోజుల పాటు చెప్పాను. నా పేరు ఒక మనిషి నోట రాకుండా ఇంత భద్రంగా ఉందంటే మగవాడికి గర్వంగా ఉండదా మరి. ఉండేది, ఒప్పుకుంటాను.

ఆ అంగడే మమ్మల్ని సముద్రం దాటించింది. ఒక విత్తనాల కంపెనీవాళ్ళు, ఆ ఏడు పత్తి విత్తనాలు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా కరీబియన్ దీవుల ఓడ ప్రయాణానికి తీసుకుపోయారు. కర్నూలు, కడప వైపు నుంచి పది జంటలం. మా ఆమె అప్పటిదాకా సముద్రం చూసిన మనిషి కాదు, తుంగభద్రలో నిండు నీళ్ళు కనపడితేనే దండం పెట్టుకునే మనిషి. నలుగురిలో తేడాగా కనపడొద్దని బయలుదేరే ముందు నేను రెండు చుడీదార్లు కొనుక్కొచ్చాను. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, “నా చీర నిన్నేం జేసింది” అని పక్కన పెట్టేసింది. నేను మాత్రం రెండు పొట్టి నిక్కర్లు, ఒక టోపీ, నల్లకళ్ళద్దాలు కొనుక్కున్నాను. ఆ నిక్కరులో నా కాళ్ళెలా ఉండేవో ఫోటోలు చూస్తే తెలుస్తుంది, అందుకే చూడను.

మూడో రోజు పొద్దున ఓడ ఒక దీవి దగ్గర ఆగింది. అందరూ సముద్రపు ఒడ్డుకు పోయి ఆడుకుని, సాయంత్రం నాలుగింటికల్లా తిరిగి రావాలన్నారు. మళ్ళీ ఓడ ఎక్కాలంటే ఒక కార్డు చూపించాలి. ఇద్దరి కార్డులూ నా నడుము సంచిలోనే పెట్టుకున్నాను, ఇంటి తాళాలు, బ్యాంకు పుస్తకాలు పెట్టుకున్నట్టే. ఒడ్డున ఇసుక సున్నం తెలుపు. దాని మీద ఆడా మగా అరాకొరా బట్టల్లో పడుకుని ఉన్నారు. ఎటు చూడాలో తెలియక నేను ఆకాశం చూస్తూ నడిచాను.

మా ఆమెకు ఆ ఇబ్బందేమీ లేదు. ఆమె చూస్తున్నది నీళ్ళను. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మోకాలి లోతు దాకా పోయి, కొంగు ముడిలోంచి పసుపూ కుంకుమా తీసి సముద్రంలో కలిపి, ఒక రూపాయి బిళ్ళ వేసి, ముక్కు పట్టుకుని మూడు మునకలు వేసింది. తర్వాత సూర్యుడి వైపు తిరిగి దోసిలితో నీళ్ళు వదిలింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఫోన్లు తీసి ఫోటోలు తీస్తున్నారు. మా గుంపులో కడప వైపు డీలరు, నాకన్నా చిన్నవాడు, “అన్నా, వదిన ఈడ గూడా తీర్థం పెట్టింది గదన్నా” అని నవ్వాడు. అందులో ఎగతాళి ఎంత ఉందో ఇప్పుడు ఆలోచిస్తే గోరంత కూడా లేదు. కానీ అప్పుడు నా చెవులు కాలిపోయాయి.

ఆమె బట్టలు మార్చుకునే గదిలోకి పోయి పొడి చీర కట్టుకుని, తడిసిన పసుపు చీర తెచ్చింది. గుళ్ళకు పోయినప్పుడు మనవాళ్ళు ఎలా ఆరబెట్టుకుంటారో మీకు తెలుసు, ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకుని గాలికి నిలబడతారు. మంత్రాలయంలో, మహానందిలో ఆ రెండో కొస ఎప్పుడూ నాదే. “ఇదో, ఆ కొస పట్టుకో” అంది. నేను వినపడనట్టు టోపీ ముందుకు లాక్కుని, అక్కడి నుంచి నడిచి, దూరంగా ఒక ఆకుల పందిరి కింద కూర్చున్నాను. వెనక్కి తిరిగి చూస్తే, కుర్చీలు అద్దెకిచ్చే ఆ దీవి మనిషి, నల్లగా దిట్టంగా ఉన్న ఒక పెద్దావిడ, ఇసుకలో పడి ఉన్న నా కొస తీసి పట్టుకుంది. వాళ్ళిద్దరి మధ్యా పసుపు చీర గాలికి నిండుగా ఎగురుతోంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు, ఏ భాషలోనో తెలియదు.

చీర ఆరాక ఆమె నన్ను వెతకడం మొదలుపెట్టింది. ఒకసారి పందిరి ముందు నుంచే పోయింది. టోపీ మొహం మీదికి లాక్కుని ఉన్నాను, గుర్తుపట్టలేదు. నేను పిలవొచ్చు, పిలవలేదు. మా గుంపువాళ్ళు నీళ్ళలోకి పోతూ తువ్వాళ్ళు నాకు అప్పగించిపోయారు, వాటి కాపలా అని నాకు నేనే చెప్పుకున్నాను. కాసేపటికి ఆ కుర్చీల ఆవిడ నా దగ్గరికే వచ్చింది. వేలితో దూరంగా ఉన్న మా ఆమెను చూపించి, నీ భార్యేనా అన్నట్టు అడిగింది. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు తెలుసు. నేను కాదని తల ఊపాను.

అంతే. నలభై ఏళ్ళ కాపురానికి నేను చెప్పిన జవాబు అది. కార్డున్న సంచి సంగతి మా ఆమె సైగలతో చెప్పి ఉంటుంది, ఆవిడ నా నడుము వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మూడు దాటింది. ఒడ్డున పిల్లలు తప్పిపోతే మైకులో చెప్పే చిన్న గది ఒకటి ఉంది. అందులోంచి గరగరమని చప్పుడు వచ్చి, ఆ తీరమంతా వినపడేట్టు ఒక గొంతు పలికింది. “ఇదో... ఇదో... నేనీడ ఉండాను.” వేలమంది జనంలో ఆ మాట అర్థమయ్యేది పది ఇళ్ళవాళ్ళకు, అది ఎవరికోసమో తెలిసేది ఒక్కడికి. నేను లేవలేదు. అందరూ నీళ్ళలోంచి చూస్తున్నారు కదా, కొంచెం ఆగి పోదాంలే అనుకున్నాను. కార్డు లేకుండా ఓడ ఎక్కనివ్వరని, ఆమె దగ్గర కార్డు లేదని నాకు తెలిసే కూర్చున్నాను. మైకు కాసేపు ఊరికే గరగరలాడింది. తర్వాత సన్నగా, ఒక్కొక్క అక్షరం కూడదీసుకుంటున్నట్టు, “మహానందయ్యా” అని వినపడింది. మళ్ళీ, ఈసారి గట్టిగా, “మహానందయ్యా, యాడుండావు.”

గడప దగ్గర మా అక్క ఏడిపించినా రాని పేరు అది. తువ్వాళ్ళు అక్కడే పడేసి పరుగెత్తాను. ఆమె మైకు గది ముందు, ఆరిన చీర మడతపెట్టి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు, తిట్టలేదు. ఆమెను అక్కడికి తీసుకొచ్చిన కుర్చీల ఆవిడ నన్ను గుర్తుపట్టి, ఆమె వైపు చూసి, మొహం తిప్పుకుంది. దారిలో మా ఆమె ఒక్కటే అడిగింది, “ఆ యమ్మ నిన్ను ముందే చూసినట్టుండాదే” అని. లేదన్నాను. “కార్డియ్యి” అని చెయ్యి చాపింది. ఆ రోజు నుంచి ఆమె కార్డు, ఆమె కాగితాలు ఆమె దగ్గరే ఉంటున్నాయి. నేను ఇంక మహానందయ్యనే.

మొన్న ఆ కార్తీక సోమవారం కోనేటి దగ్గర ఆమె స్నానం చేసి, పొడి చీర కట్టుకుని, తడి చీర దులిపి పట్టుకోగానే, పిలవకముందే పోయి రెండో కొస అందుకున్నాను. అట్లా నిలబడి ఉండగా మెట్ల వైపు నుంచి ఎవరో ముసలామె “ఇదో” అని కేకేసింది. నాకు తెలియకుండానే తల అటు తిరిగింది. ఇంకో ముసలాయన చేతికర్ర వెతుక్కుంటూ లేచి పోయాడు. మా ఆమె చీర మీదుగా నన్ను చూసి, కోపం లేకుండానే, “నిన్ను గాదులే మహానందయ్యా, కొస పట్టుకో” అంది.

మా కోడలు మా వాణ్ణి పేరు పెట్టే పిలుస్తుంది, ప్రేమగానే పిలుస్తుంది, వినడానికి బాగుంటుంది. గడప దగ్గర ఆడపిల్లను ఏడిపించిన ఆ పట్టింపు పోయిందని నాకు బెంగ లేదు, పోనీ. ఆమె నా పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందనీ నేను నమ్మను. కానీ ఆ పేరుతో ఊళ్ళో ఎవరైనా నన్ను పిలుస్తారు, ఇదో అని పిలవడానికి ఒక్క మనిషే ఉండేది. ఆ మనిషి పిలిచినప్పుడు నేను లేవలేదు.