అందరూ తలా ఒక చెంబు

తొంభైల చివర ఒక వానాకాలంలో మా పారామిలటరీ కంపెనీ మేడ్చల్‌లో దిగింది. మూతపడిన రైసుమిల్లులో మకాం. రేకుల మీద వాన పడితే వైర్‌లెస్‌లో మాట వినపడేది కాదు. నేను సెక్షన్ కమాండర్‌ని. శామీర్‌పేట అవతల మా తాతల గడీ ఉంది, అప్పటికి గోడలే మిగిలాయి. ఆ సంగతి జవాన్లకు చెప్పలేదు. కూలిన ఇంటి పేరు చెప్పి గౌరవం అడుక్కునే అలవాటు మా వంశంలో లేదు.

వారం తిరగకముందే బందోబస్తు పడింది. సూరారం ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే మల్లేశాన్ని రాగితీగ దొంగతనమని స్టేషన్‌కు తీసుకెళ్లారు. మూర్ఛ వచ్చి లాకప్‌లో పోయాడన్నారు. పోస్టుమార్టం అయిన శవాన్ని సొంతూరికి చేర్చి, గొడవ కాకుండా దహనం చేయించడం మా డ్యూటీ. ఆ ఊరు మా గడీ ఉన్న ఊరే. వెంట వచ్చిన ఎస్సై ఉత్తర్వు చెప్పాడు: గుడ్డ విప్పనివ్వొద్దు, వ్యాన్ నుంచి నేరుగా కాష్టానికి.

మేము చేరేసరికి తుంపర పడుతోంది. వాకిట్లో కొత్త కుండలు, పసుపు. పొయ్యి మీద నీళ్లు కాగుతున్నాయి. అక్కడ స్నానం చేయించనిదే పాడె ఎక్కించరు. అయినవాళ్లంతా వరుసగా తలా ఒక చెంబు పోస్తారు. ఎస్సై తెలియక వద్దనలేదు. తెలిసే వద్దన్నాడు.

మల్లేశం తల్లి నన్ను పోల్చుకుంది. ఆమె ఏడవడం లేదు.

"గడీ దొర మనుమడివి గదా నువ్వు? మీ తాత పోయిననాడు బావి కాడికెళ్లి నీళ్లు మోసింది ఈని నాయిననే. ఇగ ఈనికి నీళ్లు వద్దంటవా?"

నిజమే. తాత పోయేనాటికి గడీలో నీళ్లు మోసే మనుషులు మిగల్లేదు. ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనరు.

జవాన్లను వాకిలి చుట్టూ నిలబెట్టాను, ముఖాలు బయటికి. ఎస్సైని వాళ్లను దాటి లోపలికి రావద్దన్నాను. మా వైర్‌లెస్ ఆపరేటర్‌ది వరంగల్ వైపు. సెట్ అందిస్తూ మెల్లగా అన్నాడు: "సార్, గిది నౌకరీ మీదికొస్తది."

సెట్‌లో పైఅధికారి గొంతు: "బాడీ కదిలిందా? ఓవర్."

"లేదు. స్నానం జరుగుతోంది. ఓవర్."

"ఎవరి ఆర్డర్?"

"నాది."

గుడ్డ విప్పారు. వీపు, తొడలు నల్లగా కమిలి ఉన్నాయి. ఒక్కొక్కరే చెంబు ముంచుకుని వచ్చారు, పోశారు, పక్కకు జరిగారు. ఊరంతా చూసింది.

విచారణకు ఆర్డీవో వచ్చినప్పుడు నీళ్లు పోసినవాళ్లంతా చూసింది చెప్పారు. నేనూ చెప్పి సంతకం పెట్టాను. ఆ వెంటనే నన్ను సరిహద్దుకు పంపారు. సెలవుకు వచ్చినప్పుడల్లా ఆర్డీవో ఆఫీసుకు వెళ్లి నివేదిక అడిగేవాణ్ని. "పైకి పోయింది సార్" అనేవాడు గుమాస్తా. పై నుంచి అది కిందికి రాలేదు. కొట్టినవాడి పేరు ఎవరూ చెప్పలేదు. తెలుసుకోకుండానే ఆ తల్లి పోయింది.

నేను నౌకరీ ముగించి తిరిగొచ్చేసరికి రైసుమిల్లు చోట ఫంక్షన్ హాలు లేచింది. ట్రంకు పెట్టె దించి చాలాసేపు హాలు వైపే చూస్తూ నిలబడ్డాను. నాకు కనిపించింది ఆ హాలు కాదు.

ఆ రోజు అందరికంటే చివర మల్లేశం భార్య వచ్చింది. అందరూ తల మీద, భుజాల మీద పోశారు. ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. అరికాళ్లు వాచి పగిలి ఉన్నాయి. చెంబు ఎత్తి ఆగింది. నీళ్లు కాలుతున్నాయేమోనని ముందు తన చేతి మీద పోసుకుని చూసుకుంది.