సంతకం కూడా అప్పే

ఇల్లు కొనేవాళ్లకు ఏ కాగితాలు కావాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. లోను మంజూరయ్యాక డబ్బు విడుదలయ్యేదాకా ఏం చేయకూడదో చెప్పేవాళ్లు తక్కువ. చెప్పడంలో నేనే ఒకసారి పొరబడ్డాను. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

రెండేళ్ల క్రితం మాట. మద్దిలపాలెంలో హోమ్ లోన్ ఫైళ్లు తయారుచేసే పని నాది. బడిలో చదివింది పదో తరగతే. బ్యాంకు వ్యవహారాలు, కాంట్రాక్టు చట్టం లైబ్రరీలో కూర్చుని నేర్చుకున్నాను. ఆటోనగర్‌లో లేతు మిషను నడిపే ఎల్లాజీ, గాజువాకలో ఒక ఫ్లాటుకు రెండు లక్షలు బయానా ఇచ్చి నా దగ్గరకు వచ్చాడు. కొన్నాళ్లకు శాంక్షన్ లెటర్, అంటే మంజూరు పత్రం, అందింది. అది డబ్బు కాదని, చెక్కు ఇచ్చే ముందు బ్యాంకు అతని అప్పులన్నీ మళ్లీ చూస్తుందని, అప్పటిదాకా వాయిదాల మీద ఫోను కూడా కొనవద్దని చెప్పాను. ఫ్రిజ్ పాడైనా అతను కొత్తది కొనలేదు. భార్య సత్యవతి పాలు పక్కింట్లో పెట్టుకుంది.

అయినా చెక్కు ఆగింది. క్రెడిట్ రిపోర్టులో కొత్తగా ఆటో లోను కనిపించిందట. అగ్రిమెంటు గడువు ఇంకా పదకొండు రోజులే. అది దాటితే బయానా పోయినట్టే.

ఎల్లాజీ నా బల్ల ముందు నిలబడిపోయాడు. “నాను రూపాయి అప్పు సెయ్యలేదండి. మా బావ ఆటోకి జామీను సంతకం ఎట్టానంతే. సంతకం కూడా అప్పేటండి?”

అప్పే. బాకీదారు ఎంత బాధ్యుడో జామీనుదారూ అంతే బాధ్యుడని లైబ్రరీలో చదివి, నోట్సు కూడా రాసుకున్నాను. లోను తీసుకోవద్దన్నానే గాని, ఎవరికీ సంతకం పెట్టొద్దని అతనికి చెప్పలేదు. తప్పు నాది. బయానా పోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

మర్నాడే ఫైనాన్స్ ఆఫీసుకు వెళ్లాను. జీతం చీటీ ఉన్న మరో మనిషి జామీను నిలబడితే ఎల్లాజీని వదిలేస్తామన్నారు. ఆ మాట చెప్పడానికి ముగ్గురం నూకరాజు ఇంటికి వెళ్లాం. ఆటో కొన్న బావ అతనే, సత్యవతికి అన్న. మొహం ముడుచుకున్నాడు.

“నా మీద నమ్మకం లేదేటి?”

“నాకుందన్నయ్యా, బేంకుకి లేదు,” అంది సత్యవతి. “నీకు ఆటో వచ్చీసింది. నాకు ఇల్లు రావాల.”

నూకరాజు చొక్కా వేసుకుని బయటికి వెళ్లాడు. సాయంత్రానికి బస్సు డిపోలో మెకానిక్‌గా చేసే స్నేహితుడు కరీముల్లాను వెంటబెట్టుకొచ్చాడు. ఈసారి నేను ముందే అడిగాను, ఇల్లు కొనే ఆలోచన ఏమైనా ఉందా అని.

“ఉన్న ఇంటికి సున్నం ఎయ్యలేకపోతన్నాను సార్,” అని నవ్వి సంతకం చేశాడు.

జామీను నుంచి తప్పించినట్టు లెటర్ రావడానికి వారం పట్టింది. దాన్ని చూపిస్తే బ్యాంకు మేనేజరు ఫైలు మళ్లీ తెరిచారు. గడువుకు ఒక్కరోజు ముందు రిజిస్ట్రేషన్ అయింది.

పుస్తకంలో చదివింది ఎదుటి మనిషిని అడిగే ప్రశ్నగా మారకపోతే అతనికి పనికిరాదని ఆ పదకొండు రోజుల్లో తెలిసింది. ఇప్పుడు ఏ ఫైలు తెరిచినా మొదట అడిగేది, ఎవరికైనా సంతకం పెట్టారా అని.

పై అరలోని చట్టం పుస్తకాన్ని అడిగినప్పుడల్లా నిచ్చెనేసి దించి ఇచ్చిన లైబ్రరీ సూర్యకాంతం గారికి, మొహమాటపడకుండా మాట్లాడిన సత్యవతికి, తనకు సంబంధం లేని ఇంటి కోసం సంతకం చేసిన కరీముల్లాకు, మనసు కష్టపడినా ఆ పూటే కదిలిన నూకరాజుకు, నా తప్పు తెలిసి కూడా ఫైలు వెనక్కి అడగని ఎల్లాజీకి నా కృతజ్ఞతలు.