డేనిష్ వాళ్ల ఊరు, మా అబ్బా గోడ

మా చిన్నతనంలో ఆదివారం తెల్లారిందంటే అబ్బా నిచ్చెన భుజాన వేసుకుని బయల్దేరేవాడు... వెనకాల టిఫిన్ డబ్బా పట్టుకుని నేను. మా ఇంట్లో నాన్నని 'అబ్బా' అనే పిలుస్తాం.

అబ్బా సిద్దిపేటలో బోర్డులు రాసేవాడు. దుకాణాల పేర్లు, బడుల పేర్లు, లారీల వెనక రాతలు... సుద్దపొడి పూసిన దారం గోడకి పట్టి టప్పున కొడితే తెల్లగీత పడేది. అలాంటి రెండు గీతల మధ్యన అక్షరం పుట్టేది.

ఇంట్లో మాది ఉర్దూ. అక్షరాల సంగతి వస్తే మాత్రం అబ్బా తెలుగులోకి వచ్చేసేవాడు. "తెలుగు అచ్చరానికి మూలలుండయి బేటా. చెయ్యి నడుమల ఆగిందంటే ఇరిగిపోతది" అనేవాడు.

బజారులో ఒక బట్టల దుకాణం గోడ మీద పేరు రాయడానికి మూడు రోజులు పట్టింది. ఎర్రటి అక్షరాలు, పసుపు నీడ... పేరుకి ముందు ఒక పెద్ద 'శ్రీ'. హుస్నాబాద్ నుంచి కూడా దుకాణదారులు వచ్చి, అలాంటి శ్రీయే కావాలని అడిగేవాళ్లు.

నేను ఏడో తరగతిలో ఉండగా మా ఊళ్లోకి ఫ్లెక్సు మిషన్ వచ్చింది...

ఆ ఏడు దసరా ముందర ఆ బట్టల దుకాణం సేటు కబురు పంపాడు. పండక్కి రంగులు కొత్తగా వేయించడం ఆయనకి అలవాటే. అబ్బా ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్నూ వెంటబెట్టుకుని మరీ వెళ్లాడు. తీరా చూస్తే షట్టరుకి ఆనించి ఇనుప చట్రంలో బిగించిన ఫ్లెక్సు ఉంది. చీర కట్టుకున్న అమ్మాయి ఫోటో, పక్కన దుకాణం పేరు. అది గోడ మీది పేరుకన్నా చిన్నది. బిగించాక చుట్టూ పాత అక్షరాలు కనిపిస్తే బాగుండదని, ముందు గోడంతా తెల్లరంగు వేయమన్నాడు సేటు.

అబ్బా ఆ ఫ్లెక్సు దగ్గరికెళ్లి పేరు చదివాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సేటు, గీ శ్రీకి దీర్ఘం లేదు. శ్రి అని పడ్డది."

"ఎవలు చూస్తరు భాయ్," అన్నాడు సేటు. "నువ్వు జెర తెల్లగ కొట్టెయ్."

అబ్బా నిచ్చెన ఎక్కాడు. చివరి అక్షరం దగ్గర మొదలుపెట్టి వెనక్కి కొట్టుకుంటూ వచ్చాడు... శ్రీ దగ్గరికొచ్చేసరికి ఆగాడు. కిందున్న నా వైపు చూడలేదు. బ్రష్షుకున్న రంగు మోచేతి దాకా కారింది. అప్పుడు దాన్నీ కొట్టేశాడు.

తర్వాత కొన్నాళ్లు బండ్ల నంబర్ ప్లేట్లు రాశాడు. వాటికీ స్టిక్కర్లు వచ్చాయి. చివరికి ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కుర్చీలో కూర్చునే పని దొరికింది.

నా ఇంటర్ అయిపోగానే అబ్బానే నన్ను ఫ్లెక్సు దుకాణంలో పనికి పెట్టాడు, కంప్యూటర్ మీద పేర్లు కొట్టడానికి. వాకిట్లో దింపి, "గీడ నీడ ఉంటది బేటా. నిచ్చెన ఎక్కుడుండది" అని వెళ్లిపోయాడు. ఆయనకి మూడు రోజులు పట్టే పేరు నేను పది నిమిషాల్లో కొట్టేదాన్ని. సిగ్గుగా ఉండేది... లోపల సంతోషంగానూ ఉండేది. ఆ సంతోషమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆ పనే నన్ను హైదరాబాదులో డిజైనింగ్ ఉద్యోగం దాకా తీసుకొచ్చింది. మొన్నామధ్య ఆఫీసు వాళ్లు మూడు వారాల శిక్షణకి అమెరికా పంపారు. ఒక శనివారం తోటివాళ్లు కాలిఫోర్నియాలోని ఒక చిన్న ఊరికి తీసుకెళ్లారు. వందేళ్ల కిందట డెన్మార్క్ నుంచి వలస వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరట... గాలిమరలు, చెక్క పట్టీల గోడలు, ఇంటి కప్పుల మీద చెక్క కొంగలు. అచ్చం మన గుంతపొంగనాల పెనం లాంటి దాంట్లో తియ్యటి ఉండలు కాల్చి, చక్కెర పొడి చల్లి ఇచ్చారు. అందరూ ఫోటోలు దిగుతున్నారు. నేను తలెత్తి బోర్డులు చూస్తూ నడుస్తున్నా...

చూసినంత దూరం ఒక్క ఫ్లెక్సు లేదు. బేకరీకి, చెప్పుల దుకాణానికి, అన్నిటికీ చెక్క మీద చేత్తో రాసిన పేర్లే. ఒకచోట అరవై దాటిన ఒకావిడ నిచ్చెన మీద నిలబడి బంగారు రంగుతో అక్షరం దిద్దుతోంది. చెయ్యి వణక్కుండా మణికట్టు కింద ఒక కర్ర ఆన్చుకుంది. అబ్బా కూడా అలాగే ఆన్చుకునేవాడు.

ఆవిడ దిగాక పలకరించాను. వాళ్ల తాత ఓడలో వచ్చాడట. తండ్రి ఇదే పని చేసేవాడట, చేతిలో బ్రష్షు పెట్టి ఆయనే నేర్పాడట. బోర్డులు పాత తీరులోనే ఉండాలని ఊరివాళ్లు నియమం పెట్టుకున్నారు కాబట్టి పనికి కొదవ లేదంది. మనవలకి డేనిష్ ఒక్క ముక్క రాదు, ఈ రాతలే మిగిలాయి అని నవ్వింది.

మా నాన్నదీ ఇదే పని అన్నాను. ఆవిడ చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది. "ఆయన రాసింది ఏదైనా చూపిస్తారా?" అని అడిగింది.

ఫోన్ తీసి వెతికాను. నా పెళ్లిలో అబ్బా... గేటు దగ్గర కుర్చీలో అబ్బా... దవాఖాన మంచం మీద అబ్బా... ఆయన రాసిన అక్షరం ఒక్కటీ లేదు. అప్పట్లో మాకు ఫోను లేదు. ఆ తర్వాత తీయడానికి గోడలు లేవు.

రంగు ఆరిపోతోందని ఆవిడ మళ్లీ నిచ్చెన ఎక్కింది.

తిరిగొచ్చాక సిద్దిపేట బజారంతా ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచాను. ఆ బట్టల దుకాణానికి ఇప్పుడు మెరిసే లైట్ల బోర్డు. గల్లా దగ్గర సేటు కొడుకు. పాత ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగితే, "గవి ఎవలు దాస్తరు మేడం" అన్నాడు.

సముద్రం దాటి వెళ్లినవాళ్ల రాత నిలిచింది. పుట్టిన ఊరు వదలని మా అబ్బా రాతని మేమే, మా చేతులతోనే, చెరిపేసుకున్నాం. అబ్బా పోయి నాలుగేళ్లు...

ఇది చదివేవాళ్లలో సిద్దిపేట వాళ్లుంటే మీ పాత ఆల్బమ్‌లు ఒకసారి తీయండి. పెళ్లి ఊరేగింపుదో, బతుకమ్మదో, బజారులో దిగింది ఏదైనా సరే... మనుషుల్ని కాదు, వెనకాల గోడల్ని చూడండి. ఏ గోడ కిందో చిన్న అక్షరాల్లో 'యూసుఫ్' అని అబ్బా సంతకం కనిపిస్తే, ఆ ఫోటో మీ దగ్గరే ఉంచుకోండి. నాకు ఒక్కసారి చూపించండి, చాలు.