మహల్లో మూడో మనిషి

సర్దార్ బీది రాయచోటి. భర్త పోయాక గల్ఫ్‌కు వచ్చి, అల్ ఐన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఏళ్ల తరబడి వంట చేసింది. అరబీ అక్కడే పట్టుబడింది. ఆ ఇంటి ముసలమ్మ చనిపోయాక అబూధాబిలో, ముసఫ్ఫాకు దగ్గరగా విల్లాలో ఉండే మహీధర్, అలేఖ్యల దగ్గర చేరింది. విజయవాడ వాళ్లు, ఇద్దరివీ ఆఫీసు ఉద్యోగాలు. వాళ్ల పాప తన్మయికి ముద్ద పెట్టిందీ నడక నేర్పిందీ సర్దార్ బీయే. పాప ఆమెను ‘బీ’ అని పిలిచేది.

2023 వేసవిలో వాళ్లు యూరప్ ప్రయాణం పెట్టుకున్నారు. పాపను చూసుకోవడానికి సర్దార్ బీ కూడా కావాలి.

“వియన్నా దగ్గర పాతకాలం మహల్ని హోటల్ చేశారు. ఇలాంటిది నువ్వు జన్మలో చూడవు,” అంది అలేఖ్య.

సర్దార్ బీ మురిసిపోయింది. అజ్మాన్‌లో ఉండే ఆమె అక్క కూతురు అనమ్ కొత్త స్వెటర్ పంపింది.

హోటల్ ఊరికి దూరంగా, అడవి అంచున ఉంది. ఒకప్పుడు రాజులు వేటకు వచ్చి దిగేవారట. కారు దిగగానే మహీధర్, “నువ్వు పాపని తోటలో తిప్పుతూ ఉండు,” అన్నాడు. కాసేపటికి అలేఖ్య వచ్చి పక్కమెట్ల మీదుగా గదికి తీసుకెళ్లింది. పైకప్పు నిండా బొమ్మలు, గది మధ్యలో తెరలు కట్టిన పెద్ద మంచం. బట్టలు తగిలించే చిన్న గదిలో అలేఖ్య నేలమీద ఒక దుప్పటి పరిచింది.

“ఇక్కడ సర్దుకో, కార్పెట్ మెత్తగానే ఉంది. రూమ్ ఇద్దరు పెద్దవాళ్లకే బుక్ చేశాం. కిందికి దిగకు. ఎవరైనా తలుపు కొడితే బాత్రూంలోకి వెళ్లు.”

అర్థమయ్యేసరికి సర్దార్ బీ చెవులు వేడెక్కాయి. “నేనేమన్నా దొంగనా మేడమ్?”

“అబ్బా, నాలుగు రోజులే కదా!”

మర్నాడు గది ఊడ్చే మనిషి వచ్చింది. సర్దార్ బీ చెప్పులు చేత్తో పట్టుకుని బాత్రూంలో నిలబడింది. లోపల ఎవరో స్నానం చేస్తున్నారని నమ్మించడానికి కొళాయి తిప్పమని అలేఖ్య ముందే చెప్పింది. నీళ్లు పాదాల మీద పడుతుంటే పళ్లు బిగపట్టి నిలబడింది. అల్ ఐన్‌లో ఎన్నో తిట్లు తింది కానీ, ఆమెను అక్కడ ఎవరూ దాచిపెట్టలేదు. తినడానికి అలేఖ్య కింద నుంచి టిష్యూలో చుట్టి రొట్టె, ఉడికించిన గుడ్డు తెచ్చేది.

మూడో రోజు భార్యాభర్తలు ఊరు చూడ్డానికి వెళ్లారు. మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. సర్దార్ బీ లేచేలోపే తన్మయి తన చిట్టి చెప్పులు చేతిలోకి తీసుకుని బాత్రూంలోకి పరుగెత్తింది. నోటిమీద వేలు పెట్టుకుని, “ష్... బీ, రా, దాక్కుందాం!” అంది.

సర్దార్ బీకి ఒళ్లంతా భగ్గుమంది. పాప చేతిలోని చెప్పులు తీసి కాళ్లకు తొడిగింది. వెళ్లి తలుపు తీసింది.

గది ఊడ్చే మనిషి అరబీ మాట్లాడే మొరాకో ఆమె, పేరు లతీఫా. ఎవరు నువ్వని అడిగింది. సర్దార్ బీ అరబీలో అంతా చెప్పింది.

“నేను చూడలేదనుకో, వెళ్లిపోతాను,” అంది లతీఫా జాలిగా.

“వద్దు. చూసినావు. మీ ముదీర్ దగ్గరికి నన్ను తీస్కపో.”

ఈసారి పక్కమెట్లు కాదు. ఎర్ర తివాచీ పరిచిన పెద్దమెట్ల మీదుగా పాప చేయి పట్టుకుని దిగింది. ఆమె మాటలు లతీఫా మేనేజరుకు చెప్పింది. ఆయన వెంటనే మహీధర్‌కు ఫోన్ చేశాడు.

హాల్లోకి వస్తూనే అలేఖ్య మేనేజరుతో ఇంగ్లీషులో అంది, “ఆమె మా ఇంటి మనిషిలాంటిదే. కింద పడుకోవడం ఆమెకు అలవాటే.”

ఆ మాత్రం ఇంగ్లీషు సర్దార్ బీకి తెలుసు.

“ఏం అలవాటు మేడమ్? రాయచోటిలో నాకు మంచముంది. మీ ఇంట్లోనూ నాకు మంచముంది. యాడ నేను నేలమీద పండుకుంటి?”

“అరవకు, అందరూ చూస్తున్నారు.”

“చూడనీ! మూడు దినాలు ఎవురికీ కనపడకుండా దాస్తిరి. ఇప్పుడన్నా చూడనీ! ఆ బిడ్డకు కూడా దాక్కునేది నేర్పిస్తిరి కదమ్మా!”

మహీధర్ తల దించుకుని ఇంకో గది తీసుకున్నాడు. మర్నాడు పొద్దున సర్దార్ బీ భోజనాల హాల్లో ఒక్కతే కూర్చుంది. తన్మయి పరుగెత్తుకొస్తే అలేఖ్య రెక్క పట్టి లాక్కెళ్లింది. కోపానికి ముద్ద దిగలేదు. అయినా లేవలేదు.

అబూధాబి ఎయిర్‌పోర్టులో మహీధర్ చెయ్యి చాపాడు. “పాస్‌పోర్ట్ ఇలా ఇవ్వు.”

“నా కాడే ఉంటాది సార్.”

“వీసా క్యాన్సిల్ చేయిస్తా.”

“చేయించండి. ఖలాస్.”

అన్నట్టే చేయించాడు. సర్దార్ బీ అజ్మాన్‌లో అనమ్ గదికి చేరి, తిరిగి తిరిగి చివరికి ఒక నర్సరీ స్కూల్లో ఆయాగా కుదిరింది.

కొన్నాళ్లకు అలేఖ్య ఫోన్ చేసింది. “పాప నీమీద బెంగ పెట్టుకుంది. జీతం పెంచుతాం, వచ్చెయ్.”

పాప మాట ఎత్తగానే సర్దార్ బీ ఫోన్ చెవికి గట్టిగా అదుముకుంది. తమాయించుకుని, “అలవాటే అంటిరే, ఆ మాట తప్పని చెప్పండి మేడమ్. వస్తా,” అంది.

“ఇంకా ఆ గోలేనా?”

సర్దార్ బీ ఫోన్ పెట్టేసింది.

“ఎన్నాళ్లు ఖాలా, ఈ కోపం?” అంది అనమ్.

“అది పోయిన్నాడు నేనే చెప్తాలే,” అని సర్దార్ బీ యూనిఫాం తొడుక్కుని స్కూలు బస్సుకు బయలుదేరింది.