లెక్కల మాస్టారికి కంప్యూటర్ నేర్పిన పద్మ

బ్యాంకులో కరెంటు పోయి యూపీఎస్ కీచు కీచుమని అరిస్తే చుట్టూ ఉన్నవాళ్లు విసుక్కుంటారు. నాకు మాత్రం "ముందు సేవ్ చెయ్యండర్రా!" అంటూ పిల్లల మధ్య పరుగెత్తే పద్మ గుర్తొస్తుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ప్రత్తిపాడు దగ్గర మా హైస్కూలుకు కంప్యూటర్లు వచ్చాయి. వాటి వెంటే కాంట్రాక్టు మీద పద్మ వచ్చింది. పిల్లలకు పాఠం చెప్పాలి, మా టీచర్లలో ఒకరికి ఆ పాఠం చెప్పడం నేర్పాలి. లెక్కల మాస్టారిని కాబట్టి ఆ ఒక్కడూ నేనయ్యాను. హెడ్మాస్టరు గారు మానిటర్లకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొడుతుంటే, నీళ్లు కీబోర్డు మీద చిందకుండా పద్మ తన చున్నీ అడ్డం పెట్టింది.

పాతికేళ్లయినా లేని పిల్ల నాకేం నేర్పుతుందిలే అనుకున్నాను. మొదటి క్లాసులో నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసి, అక్షరాల వరస ఎక్కాల్లా వల్లె వేయించాను. పిల్లలు వెళ్లాక పద్మ, "మాస్టారూ, ఈత కూడా నల్లబల్ల మీదే నేర్పుతారా?" అంది. నాకు ఒళ్లు మండింది.

"వాళ్లు వేళ్లుపెట్టి పాడుచేస్తే ఎవరిదమ్మా పూచీ?"

"నాదేనండి. మీరు చేతులు కట్టుకుని నిలబడండి, చాలు."

మిరప కోతలకు వెళ్లొచ్చిన ఆడపిల్లలు మౌస్‌కు కారం అంటుతుందని జంకేవాళ్లు. "అంటనీ, తుడుచుకుందాం" అని పద్మ పక్కన కూర్చునేది. అది చూసి చూసి నాకూ నోరు మూసుకోవడం అలవాటైంది.

ఇంతలో, టీచర్లు నేర్చుకున్న స్కూళ్లలో కాంట్రాక్టు వాళ్లను తీసేస్తారని తెలిసింది. పద్మ తండ్రి మంచంలో ఉన్నాడు, ఆమె జీతమే ఆ ఇంటికి ఆధారం. "మరి నాకెందుకమ్మా ఇంత గట్టిగా చెబుతావు?" అన్నాను. "సగం సగం చెప్పడం నాకు చేతకాదండీ" అంది.

ఒకరోజు పై అధికారి వచ్చి నా క్లాసు చూశాడు. ఆమె ఎదుటే అడిగాడు. "ఏం మాస్టారూ, మీరొక్కరే నడపగలరా, ఈ అమ్మాయి ఇంకా కావాలా?"

కావాలండీ అనబోయాను. పద్మ అందుకుంది. "మాస్టారు బ్రహ్మాండంగా చెబుతారు సర్. నేనే నేర్పాను."

ఎంత గర్వంగా అందో! ఆ మాటతోనే ఆమె ఉద్యోగం పోయింది. "ఎంత పని చేశావు తల్లీ" అన్నాను వరండాలోకి వచ్చాక. "మీకు రాదంటే, నాకు చెప్పడం రాదనేగా అర్థం" అని నవ్వింది గానీ, కళ్లు నిండిపోయాయి. తర్వాత ఏదో నూలు మిల్లు ఆఫీసులో చేరిందని విన్నాను. పాఠం చెప్పాల్సిన మనిషి!

రిటైరయ్యేదాకా ఎందరో కొత్త టీచర్లకు నేనే ట్రైనింగ్ ఇచ్చాను. ఎవరి దగ్గర నేర్చుకున్నారు మాస్టారూ అని అడిగిన ప్రతివాళ్లకూ పద్మ పేరు చెప్పాను. ఆమె కుర్చీలో కూర్చుని ఆమె పేరు చెప్పడం తప్ప, ఆ పిల్లకు నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.